ముత్తయ్య దుకాణం కోసం

ఎనభైల చివర్లో ఒక వేసవి. బడికి సెలవులు. మే నెలాఖరుకు మూడు రోజులున్నాయనగా, ఉదయం అయిదున్నరకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం బస్సెక్కాను. ఆ వేళప్పుడు ఆ బస్సెక్కేవాళ్ళలో సగం మంది రాములవారి దర్శనానికి పోయేవాళ్ళే. నేను క్రైస్తవురాలిని, పోయేది దర్శనానికి కాదు. చేతి సంచిలో ఒక చీర, తువ్వాలు, చపాతీల పొట్లం, వాటి అడుగున రెండు అట్టల మధ్య నలగకుండా పెట్టుకున్న ఒక టైపు కాగితం. ఆ కాగితాన్ని ముత్తయ్య కాకకు చేర్చి, ఆయన్ని వెంటబెట్టుకుని నెలాఖరు లోపల ఖమ్మం తిరిగి రావాలి. అదీ నా ప్రయాణం.

నా పేరు ఎస్తేరు. ప్రైమరీ స్కూలు టీచర్ని. మేముండేది పాత గంజు వెనక సందులో. ధాన్యం మార్కెట్టు ఊరి బయటికి పోయిన తర్వాత మా సందుకు మిగిలిన సందడల్లా మూల మీది పెంకుటి వరసలో ఉన్న ఆరు దుకాణాలు. వాటిలో మొదటిది ముత్తయ్య కాక కిరాణా. ఆయన, భార్య లింగమ్మ ఇద్దరే నడిపేవారు. పిల్లల్లేరు. అరుగు మీద పూలమ్మే రంగమ్మ కూర్చునేది. పక్కన ఇస్త్రీ బండి, ఎదురుగా పిండి గిర్నీ. సాయంత్రం ఆడవాళ్ళు పావుకిలో పప్పు కోసం వచ్చి అరగంట నిలబడేవారు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఏడుస్తున్నదని తెలిసేదీ, ఎవరింట్లోనో జ్వరమని తెలిసేదీ అక్కడే.

ఆ వరస ఒక సత్రం ట్రస్టుది. పాతవి పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కడతామని, చుట్టుపక్కల వాళ్ళకు అభ్యంతరం లేదని సంతకాలు కావాలని ట్రస్టు వాళ్ళు వచ్చినప్పుడు, ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది నేనే. చదువుకున్నదాన్ని. కాంప్లెక్సు వస్తే మురుగుకాలువ బాగుపడుతుందని, దీపాలు వస్తాయని, పాతవాళ్ళందరికీ ముందుగా షాపులిస్తారని నమ్మాను, నలుగురినీ నమ్మించాను. మొదటి సంతకం ముత్తయ్య కాకదే. "టీచరమ్మ చెప్పినంక ఇంకేముంది" అని, బొటనవేలికంటిన బెల్లం పంచెకు తుడుచుకుని సంతకం చేశాడు.

వరస పడిపోయింది. కాంప్లెక్సు లేచింది. షాపులు వేలంలో ఎవరెవరికో పోయాయి. పాడుకున్నవాళ్ళు షట్టర్లకు తాళాలేసి, రేట్లు పెరిగేదాకా చూద్దామని ఊరుకున్నారు. రెండంతస్తుల ఆ భవనంలో తెరుచుకున్నవి మూడు షట్టర్లు. దుకాణం లేక గిర్నీకి గిరాకీ పోయింది. ఇస్త్రీ బండి వెళ్ళిపోయింది. దీపాలు పెట్టే వేళయితే ఆడవాళ్ళు ఆ మూల మీదుగా రావడం మానేశారు. కిరాయికి ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఖాళీ చేశారు. ముత్తయ్య కాక ఆరు నెలలు ఓపిక పట్టి, లింగమ్మ తమ్ముడుండే మారేడుగూడేనికి, భద్రాచలం అవతల అడవి అంచుకు పోయాడు. బస్సెక్కించినప్పుడు, "షాపుల సంగతి ఏదైనా తేలగానే ఉత్తరం రాస్తా కాకా" అన్నాను. రెండేళ్ళయింది. ఒక్కటీ రాయలేదు.

ఈ మధ్య ట్రస్టుకు కొత్త మేనేజరు వచ్చాడు. చచ్చిపడున్న భవనాన్ని చూసి మమ్మల్నందరినీ పిలిచి, జనం రావాలంటే ఏం చేయాలని అడిగాడు. ఆడవాళ్ళంతా ఒకే మాట చెప్పారు: కిరాణా పెట్టించండి, అది ముత్తయ్యతోనే పెట్టించండి. ఆయన విన్నాడు. కింది అంతస్తు మూల గది ముత్తయ్య పేరున ఇస్తున్నట్టు కాగితం టైపు చేయించాడు. నెలాఖరు లోపల మనిషి వచ్చి సంతకం చేయాలన్నాడు. చిరునామా ఎవరికీ సరిగ్గా తెలియదు. నాకు ఊరి పేరు తెలుసు. తప్పు నాది కనుక కాళ్ళూ నావే కావాలనుకున్నాను.

బస్సు వైరా దాటి ఆరూముప్పావుకు తల్లాడలో ఆగింది. ఇక్కడ పది నిమిషాలు ఆపుతారు. టీ బాగుంటుంది. నా పక్కన కిటికీ దగ్గర కల్లూరు వైపు రైతొకాయన. కృష్ణా జిల్లా నుంచి వాళ్ళ నాన్న కాలంలో వచ్చి భూములు కొన్నారట. కొత్తగూడెంలో కూతుర్ని చూడబోతున్నాడు.

"ఈ సెంటరు నా చిన్నప్పుడు లేదండి. ఊరు లోపలెక్కడో ఉండేది. రోడ్డు మీద రెండు కిరాణా కొట్లు, ఒక ఎరువుల కొట్టు పెట్టారు, అంతే. ఊరు ఊరంతా జరుక్కుంటూ ఇటు వచ్చేసింది" అన్నాడు.

"మా దగ్గర కొట్లు తీసేస్తే ఊరు జరిగిపోయిందండి" అన్నాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా ఎనిమిదీ నలభైకి కొత్తగూడెం. బొగ్గుబావుల డ్యూటీ దిగినవాళ్ళతో హోటళ్ళు కిటకిటలాడుతున్నాయి. ఇక్కడ ఇరవై నిమిషాలాగుతుంది కనుక ఇడ్లీ తినేయడం మేలు, తర్వాత భద్రాచలం దాకా మంచి హోటలు లేదు. పాల్వంచ దాటాక చెట్లు దగ్గరపడ్డాయి. బీడీ ఆకు సీజను. రోడ్డు పక్క కల్లాల్లో ఆకు కట్టలు వరసలు వరసలుగా ఎండుతున్నాయి. ఆ ఎండిన ఆకు వాసన బస్సులోకి వస్తున్నది. నా ఆలోచనంతా ముత్తయ్య కాకతో మొదటి మాట ఏం చెప్పాలన్న దాని మీదే. కాగితం ముందు ఇవ్వాలా, క్షమాపణ ముందు అడగాలా. కాగితం ముందు ఇస్తే ఆ సంతోషంలో ఆయన మిగతాది అడగడని ఒక దొంగ ఆశ. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

పదకొండింటికి సారపాక దాటి వంతెన మీదికెక్కాం. గోదావరి చిక్కిపోయి అవతలి ఒడ్డున పాయగా పారుతున్నది, మిగతాదంతా ఇసుక. నా వెనక సీటు ముసలామె చిల్లర నాణెం నీళ్ళలో వేయబోతే అది ఇసుకలో పడింది. "పోనీలే, వానలకు గంగమ్మే వచ్చి తీసుకుంటది" అని చెంపలేసుకుంది.

భద్రాచలం బస్టాండులో చర్ల బస్సు ఒంటిగంటకు. ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఒక మాట గుర్తుంచుకోవాలి: ఆ బస్సు తప్పితే మళ్ళీ సాయంత్రమే, అదీ నమ్మకం లేదు. గుడి వీధిలో ఒక పూటకూళ్ళమ్మ దగ్గర పప్పు, మామిడికాయ పచ్చడితో అన్నం తిని, పన్నెండున్నరకే వచ్చి సీటు పట్టుకున్నాను. లోపల బుట్టలు, కోళ్ళు, కిరసనాయిలు డబ్బాలు. కోయ ఆడవాళ్ళు నలుగురు తమ భాషలో గలగలా మాట్లాడుకుంటున్నారు. కండక్టరు టికెట్టు కొడుతూ అడిగాడు.

"మారేడుగూడెమా? ఊర్ల దిగుతరా, ముత్తయ్య దుకాణం స్టేజీల దిగుతరా?"

నాకు గుండె ఒక్కసారి తేలికపడింది. "ముత్తయ్యకు దుకాణం ఉందా?"

"గట్లడుగుతరేంది? ఈ రూట్ల ఆ స్టేజీ తెల్వనోళ్ళు లేరు. ముందు అక్కడ బస్సే ఆపకపోదుము. వట్టి మూల మలుపు. ఇప్పుడు పదిమంది ఎక్కుతరు, పదిమంది దిగుతరు."

అయితే ఆయన ఊరికే కూర్చోలేదన్నమాట. అడవిలోనూ తక్కెడ పట్టుకున్నాడు. దుమ్ముగూడెం దాటేదాకా ఆ సంతోషంతోనే కూర్చున్నాను. రెండూ నలభైకి మలుపు దగ్గర బస్సు ఆగింది. నాతో పాటు ఆ కోయ ఆడవాళ్ళూ దిగారు.

తాటాకుల కప్పుతో ఒక కొట్టం. ముందు మట్టితో మెత్తిన పొడవాటి అరుగు. దానికి ఇటు టీ కొట్టు, అటు సైకిళ్ళు బాగుచేసే పాక, కొంచెం వెనగ్గా కుట్టుమిషను ముందు ఒక దర్జీ. అరుగు మీద ఏడెనిమిది మంది. ఎండలో నిలబడి లోపలికి చూశాను. తక్కెడ వెనక కూర్చున్నది లింగమ్మ చిన్నమ్మ. తలెత్తింది. నుదుట బొట్టు లేదు.

చేతిలో సంచి నాకు తెలియకుండానే కింద పెట్టేశాను.

"ఎవరూ, టీచరమ్మనా?" లేచి రెండు చేతులతో అడ్డం ఉన్న బస్తాలు జరుపుకుంటూ బయటికి వచ్చింది. "ఏంది బిడ్డా, ఈ ఎండల గిట్ల నిలవడ్డవ్? నీడకు రా. జల్ది రా."

నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా వీపు నిమిరి, టీ కొట్టు అతన్ని కేకేసి మజ్జిగ తెప్పించింది. అరుగు మీదివాళ్ళు తమంత తామే లేచి కొంచెం దూరం పోయి కూర్చున్నారు.

"ఎప్పుడు చిన్నమ్మా?"

"పోయిన వానకాలం. నాలుగొద్దులు చలిజరం. మలేరియా అన్నరు. నెత్తికెక్కింది. వాగొచ్చింది, బస్సులు బందయినయి. మంచం మీద పడుకోబెట్టి పదిమంది మోసిండ్రు. గూడెం పిల్లలు వంతులేసుకున్నరు. దుమ్ముగూడెం చేరకముందే పానం పోయింది." మజ్జిగ గ్లాసు నా చేతిలో పెట్టింది. "ఇగో, తాగు."

తాగాను. గ్లాసు తీసుకుంటూ అడిగింది, "ఏం పని మీద వచ్చినవ్ బిడ్డా?"

అట్టల మధ్య నుంచి కాగితం తీశాను. చదవమంది. చదివాను. 'పాత కిరాయిదారు శ్రీ ముత్తయ్య గారికి' అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ అందుకున్నాను. మళ్ళీ చదవమంది. రెండోసారి వింటున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది.

"ఈ కాగితం కోసమే కూసున్నడు బిడ్డా" అంది. "పదకొండు గంటల బస్సుకు టప్పా సంచి, ఉత్తరాల సంచి, దిగుతది. అది దిగినప్పుడల్లా తక్కెడ ఇడిసిపెట్టి లేశి నిలవడెటోడు. గిరాకీ ఉన్నా గంతే. 'ఎస్తేరు టీచరు రాస్తనన్నది, రాస్తది, మాట తప్పే మనిషి కాదు' అనెటోడు. జరంల కూడా అడిగిండు, టప్పా వచ్చిందా అని. వాగు పొంగిన సంగతి చెప్పలే. రాలే అన్న."

నేను చెప్పాల్సింది అప్పుడు చెప్పాను. సంతకాలకు తిరిగింది నేను. వేలం రోజున అడగకుండా ఊరుకున్నది నేను. ఉత్తరం రాయనిదీ నేనే. "రాయడానికి ఒక్క మంచి మాట దొరకలేదు చిన్నమ్మా. సిగ్గేసింది. మంచి కబురు వచ్చాక రాద్దామని రోజులు జరిపాను."

ఆమె నా ముఖం చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు బాగుండేది.

"మంచి మాటే రాయాల్నా? రంగమ్మ కాలునొప్పి ఎట్లున్నది, గిర్నీ నడుస్తున్నదా, ఎవల పిల్ల లగ్గం అయింది, గవి రాస్తే అయిపోవు. షాపు కోసం కాదు బిడ్డా, ఆయన సందు కోసం బెంగటిల్లిండు."

ఆ మాట ఈ రోజుకూ నా చెవిలో ఉంది. దూరంగా కూర్చున్నవాళ్ళలో ఒక కోయ ఆమె నెమ్మదిగా దగ్గరికి వచ్చి చింతపండు బుట్ట దించింది. సమ్మక్క అని చిన్నమ్మ చెప్పింది. గుట్ట మీది గూడెం నుంచి వస్తుందట. చిన్నమ్మ తక్కెడ ఎత్తి, ఏమీ పెట్టకుండా రెండు చిప్పలూ సమంగా నిలిచేదాకా ఆమెకు చూపించి, తర్వాత తూచింది. దానికి బదులుగా ఉప్పు, నూనె, ఎండుమిర్చి తీసుకుని సమ్మక్క వెంటనే వెళ్ళలేదు. నన్ను పరీక్షగా చూసింది.

"తాత ఊరోళ్ళా?"

అవునన్నాను.

"ముందు సంతకు పోదుము. పొద్దుపొడుపుకు పోతే పొద్దుగూకి వచ్చుడు. అక్కడ తూకం అడిగితే తిట్టేటోళ్ళు. ఈ తాత వచ్చినంక ఇక్కడికే వస్తున్నం. తాత సచ్చిననాడు మా గూడెం మూడొద్దులు చేన్లకు పోలే" అంది. చిన్నమ్మ వైపు చూసి, "అవ్వను తీస్కపోతందుకు వచ్చినవా?" అని అడిగింది.

నేను టైపు కాగితాన్ని మళ్ళీ అట్టల మధ్య పెట్టాను. సమ్మక్క బుట్ట తలకెత్తుకుని వెళ్ళిపోయింది.

పొద్దు వాలేదాకా ఆ అరుగు మీదే కూర్చుని చూశాను. రెండేళ్ళ కింద అక్కడ ఉన్నది ఒక మలుపు, ఒక మైలురాయి, అంతేనట. దుకాణం పడిన నెలకు టీ కొట్టు వచ్చింది. సైకిలతను, దర్జీ తర్వాత వచ్చారు. టీకాలేసే నర్సమ్మ వారానికొకసారి వచ్చి ఈ అరుగు మీదే కూర్చుంటుందట, తల్లులు పిల్లల్నెత్తుకుని ఉప్పుకోసం ఎలాగూ వస్తారు కనుక. ఊళ్ళోంచి నాలుగు కుటుంబాలు రోడ్డు వైపుకు జరిగి ఇళ్ళు వేసుకున్నాయి. ఒకావిడ పిల్లకు తల దువ్వుతున్నది. ఇద్దరు ముసలివాళ్ళు ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటూ ఒకరికొకరు తల ఊపుకుంటున్నారు. సాయంత్రం ఆరు గంటలకు మా పాత మూల ఎలా ఉండేదో అది అలాగే ఉంది. అక్కడ పడగొట్టిందే ఇక్కడ మొలిచింది, కాకపోతే మొలిపించిన మనిషి లేడు.

రాత్రి చిన్నమ్మ తమ్ముడింట్లో జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టారు. నాకు వాకిట్లో మంచం వేశారు. అలసటకు పడుకోగానే నిద్రపట్టింది. తెల్లవారి లేచేసరికి చిన్నమ్మ దుకాణం ఊడ్చి, నీళ్ళు చల్లి, నా కోసం ఎదురుచూస్తున్నది.

"గది ఎట్లున్నది బిడ్డా?" అని అడిగింది.

నాకు ఆశ పుట్టింది. భార్యగా ఆమె పేరున మార్చమంటే మేనేజరు కాదనడని, నేనే దగ్గరుండి సర్దిస్తానని చెప్పాను. గది పెద్దదని, మొజాయిక్ నేల అని, ముందు అద్దాలు కూడా ఉన్నాయని వర్ణించాను.

"అరుగున్నదా?"

"లేదు. మెట్లున్నాయి. రోడ్డు నుంచి ఎత్తు మీద కట్టారు."

"ఎన్ని మెట్లు?"

"ఎనిమిది."

"రంగమ్మ ఎట్లెక్కుతది? కడుపుతోటి ఉన్నోళ్ళు ఎట్లెక్కుతరు?" ఇల్లు కట్టే మేస్త్రీని అడిగినట్టు అడిగింది. "సరే, ఎక్కిండ్రనుకో. కొన్నంక యాడ కూసుంటరు? నిలవడే జాగ లేకపోతే అది దుకాణం ఎట్లయితది బిడ్డా? సామాన్లు ఎక్కడైనా దొరుకుతయి."

రెండేళ్ళుగా మేమెవరమూ, చదువుకున్న నేనూ, ప్లాను గీసినవాళ్ళూ, ఆ కొత్త మేనేజరూ ఆలోచించని సంగతి అది. మెట్ల పక్కన అరుగు కట్టించమని అడుగుతానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను రాను. ఆయన లేకుంట ఆ మూలకు వచ్చి కూసుండలేను. ఆయన అక్కడ కూసుండాలనే సచ్చిండు. నేను కూసుంటే ఆయన జాగ గుంజుకున్నట్టుంటది. ఈడనైతే ఆయనే పెట్టిన దుకాణం, ఆయన తొక్కిన మట్టి." గుట్ట వైపు చూసి, "సమ్మక్కోళ్ళు మళ్ళ సంతకు నడవాల్నా?" అంది.

బతిమాలాను. సందులో ఎవరెవరు ఎలా ఎదురుచూస్తున్నారో చెప్పాను. అప్పుడు ఏడ్చింది చిన్నమ్మ. వచ్చినప్పటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. ఒక్కొక్కరి పేరూ చెప్పి అడుగుతూ ఏడ్చింది. కానీ మాట మార్చలేదు. కళ్ళు తుడుచుకుని, దుకాణం నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి నా ముందు పెట్టింది.

"రాయి. ముత్తయ్య పెండ్లాం లింగమ్మ రాపిచ్చింది. మాకిచ్చిన గది పూలమ్మే రంగమ్మకియ్యాలె. ఇరవయ్యేండ్లు మా అరుగు మీద కూసున్నది. ఎవలింట్ల ఏం గావాల్నో ఆమెకు ఎరుకే. అంతే, గట్ల రాయి."

ట్రస్టు నిబంధనల్లో అలాంటిది కుదరదని నాకు తెలుసు. అయినా రాశాను. ఆమె బొటనవేలు ఇంకులో అద్ది ముద్ర వేసింది.

ఆ కాగితం ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. ఖమ్మం చేరిన మర్నాడే మేనేజరు చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు, ముత్తయ్య సంగతి విని, ట్రస్టు కమిటీ ముందు పెడతానన్నాడు. కమిటీ మాత్రం ఒప్పుకోలేదు. గది మళ్ళీ వేలానికి పోయింది. పాడుకున్న వ్యాపారి దాన్ని మిర్చి బస్తాలకు గోదాము చేశాడు. ఆ ఘాటుకు మూల మీద నిలబడ్డవాళ్ళకు దగ్గొస్తుంది. రంగమ్మ కొన్నాళ్ళు ఆ ఎనిమిది మెట్ల కింద గోనెపట్టా పరచుకుని పూలతో పాటు ఉల్లిగడ్డలు, ఉప్పు ప్యాకెట్లు, అగ్గిపెట్టెలు అమ్మింది. సాయంత్రం ముగ్గురో నలుగురో ఆమె దగ్గర ఆగేవారు. కాలు పూర్తిగా పడిపోయాక అదీ పోయింది. నేను మాత్రం నెలనెలా మారేడుగూడేనికి ఉత్తరం రాశాను. టీ కొట్టతను చదివి వినిపించేవాడట.

ఇక తిరుగు ప్రయాణం. పొద్దున ఎనిమిదింటికి చర్ల నుంచి వచ్చే బస్సు. చిన్నమ్మ స్టేజీ దాకా వచ్చింది, అంటే అరుగు దిగి పది అడుగులు. ఒక చిన్న మూటలో చింతపండు కట్టి ఇచ్చింది. "రంగమ్మకు సగం ఇయ్యి" అంది. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, అప్పటికే ఎవరికో తక్కెడ ఎత్తి చూపిస్తున్నది.

తొమ్మిదీ నలభైకి భద్రాచలం. పదింటికి ఖమ్మం బస్సు. ఎండ మండిపోతున్నది, ఆ నెలలో ఆ దారిన వెళ్ళేవాళ్ళు తడిపిన తువ్వాలు దగ్గరుంచుకోవడం మంచిది. కొత్తగూడెంలో పన్నెండింటికి పెరుగన్నం తిన్నాను. రుచి తెలియలేదు. అక్కడ నా పక్కన ఒక చిన్న వయసు తల్లి ఎక్కింది. ఒళ్ళో ఏడాది పాప. కాళ్ళ దగ్గర ట్రంకు పెట్టె, స్టవ్వు, చాపచుట్ట. పేరు విజయ అని చెప్పింది. భర్తకు ఖమ్మంలో బియ్యం మిల్లులో పని దొరికిందట. ముందే వెళ్ళి లాడ్జిలో ఉన్నాడు. ఇల్లు ఇంకా దొరకలేదు.

తల్లాడ దాటేదాకా పాపను ఆడిస్తూ కూర్చున్నాం. పాప నా చేతివేలు పట్టుకుని నిద్రపోయింది. అప్పుడు విజయ అడిగింది.

"మీది ఏ గల్లీ అక్కా? మీ దిక్కు ఇండ్లు దొరుకుతయా కిరాయికి?"

"దొరుకుతాయమ్మా. చాలా ఉన్నాయి. మా సందులోనే అయిదారు ఖాళీగా ఉన్నాయి. కిరాయి కూడా తక్కువే."

ఆమె ముఖం విప్పారింది. "ఆయన పొద్దుగాల పోతే పొద్దుగూకి వస్తడు. నేను, ఈ పిల్ల ఇద్దరమే ఉండాలె. కొత్త ఊరు. దగ్గర్ల కిరాణా దుకాణం ఉన్నదా అక్కా? నలుగురు మనుషులు మసలుతరా?"

ఒకప్పుడైతే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మా సందులో ఎవరికీ అర క్షణం పట్టేది కాదు. సాయంత్రం పిల్లను చంకనేసుకుని మూల మీదికి రామ్మా, నెల తిరిగేలోగా నీకు సందంతా చుట్టాలే అని చెప్పేదాన్ని. ఒక పెద్ద భవనం ఉంది కదా, అందులో ముప్పై షట్టర్లున్నాయి కదా అని చెప్పవచ్చు. అబద్ధం కాదు. ఒకసారి అలాంటి మాటే నమ్మి, నలుగురితో నమ్మించి, ఒక మనిషిని అడవి అంచున ఒక మలుపులో ఉత్తరం కోసం నిలబెట్టాను.

"లేదమ్మా" అన్నాను. "ఇండ్లు మాత్రమే ఉన్నాయి."

"అట్లయితే కష్టమక్కా" అంది విజయ మెల్లగా. పాపను నా చేతి నుంచి విడిపించి తన భుజం మీద వేసుకుని, కిటికీ వైపు తిరిగింది. వైరా చెరువు దాటుతున్నాం. ఖమ్మం ఇంకా అరగంట ఉంది.